బీగిల్ కెప్టెన్ చావు మీద అల్లిన కట్టుకథ

పరిణామవాదం మీద వాదన మొదలైతే చాలు, ఈ కథ ఎవరో ఒకరు షేర్ చేస్తారు: "బీగిల్ ఓడకు ప్రభుత్వం నియమించిన శాస్త్రవేత్త డార్విన్. కెప్టెన్ రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ బైబిలు తప్ప మరొకటి ఎరగని ఛాందసుడు, ఓడ నడపడం తప్ప చేసిందేమీ లేదు. డార్విన్ పరిణామ సిద్ధాంతం తన ఓడలోనే పుట్టిందన్న దిగులుతో ప్రాణం తీసుకున్నాడు." ఇందులో నిజం లేకపోలేదు గానీ, ఉన్నది బహు కొంచెం.

డార్విన్‌ను ఎవరూ నియమించలేదు. ప్రకృతి నమూనాలు సేకరించే బాధ్యత ఓడ వైద్యుడు రాబర్ట్ మెకార్మిక్‌ది. ఆయన అలిగి 1832 ఏప్రిల్‌లో రియోలో దిగిపోయాడు. డార్విన్ వచ్చింది కెప్టెన్‌కు తోడుగా, తండ్రి డబ్బుతో. నౌకాదళ మర్యాద ప్రకారం కెప్టెన్ భోజనం కూడా ఒంటరిగానే చేయాలి. ఆ ఒంటరితనం ఏం చేస్తుందో ఫిట్జ్‌రాయ్‌కి తెలుసు. బీగిల్ మునుపటి కెప్టెన్ స్టోక్స్ 1828లో ఆత్మహత్య చేసుకుంటేనే ఆ ఓడ 23 ఏళ్ల వయసులో ఈయన చేతికొచ్చింది.

"ఓడ నడపడం తప్ప" అన్న మాట అన్నిటికన్నా అన్యాయం. 1831-36 మధ్య సాగిన ఆ బీగిల్ యాత్ర ఉద్దేశమే సర్వే. దక్షిణ అమెరికా తీరాన్ని కొలవాలి, భూగోళం చుట్టూ రేఖాంశాలు తేల్చాలి. అందుకు ఓడలో 22 క్రోనోమీటర్లు, అంటే సముద్రంలోనూ సమయం తప్పని గడియారాలు, ఉండేవి, వాటిలో ఆరు ఆయన సొంతం. ఒక్కో గడియారం పెట్టె కింద, పక్కల మూడేసి అంగుళాల రంపపు పొట్టు పోసి, ఓడ అదురు తగలకుండా అరల్లో కుదురుగా పెట్టారు. రోజూ ఉదయం తొమ్మిదింటికి కీ ఇవ్వడం, మధ్యాహ్నం ఒకదానితో ఒకటి సరిపోల్చడం. ఈ పనికి స్టెబింగ్ అనే నిపుణుణ్ణి తన సొంత డబ్బుతో జీతానికి పెట్టుకున్నాడు. ఇన్ని గడియారాలు ఎందుకంటే, ఒకటి దారి తప్పితే మిగతావి పట్టిస్తాయి. 1836లో లెక్క చూస్తే, భూమి చుట్టూ కొలిచిన రేఖాంశాల తేడాలను సమయంలో కలిపితే సరిగ్గా 24 గంటలు రావలసిన మొత్తం 33 సెకన్లు ఎక్కువొచ్చింది. భూమధ్యరేఖ దగ్గర అది సుమారు 15 కిలోమీటర్లు. అయిదేళ్ల సముద్రయానానికి ఇది చిన్న తప్పే.

అన్నట్టు, డార్విన్ సిద్ధాంతానికి ఆధారాలుగా పేరుపడ్డ గాలాపాగోస్ దీవుల పిచ్చుకల్లో ఏది ఏ దీవిదో డార్విన్ సరిగా రాసుకోలేదు. తర్వాత ఆయన ఆధారపడిన నమూనాల్లో ఫిట్జ్‌రాయ్ సేకరించినవీ ఉన్నాయి.

ఇక ఛాందసం. యాత్ర మొదట్లో, భూమి రూపం దీర్ఘకాలంలో నెమ్మదిగా మారిందని చెప్పే లయెల్ భూగర్భశాస్త్ర గ్రంథం మొదటి సంపుటాన్ని డార్విన్ చేతిలో పెట్టింది ఈయనే. సాంతా క్రూజ్ ప్రాంతంలో మైళ్ల కొద్దీ పరుచుకున్న గులకరాళ్లు చూసి, ఇది బైబిలు చెప్పే నలభై రోజుల వరదతో అయ్యే పని కాదని పక్కనున్న మిత్రుడితో తానే అన్నానని 1839లో రాశాడు, అప్పటికి ఆ మాటకు నొచ్చుకుంటూనే. మతం మీద పట్టుదల పెరిగింది యాత్ర ముగిసి, పెళ్లయ్యాక. 1860 జూన్‌లో పరిణామవాదం మీద చర్చ జరిగిన ఆక్స్‌ఫర్డ్ సభలో బైబిలు పట్టుకుని డార్విన్‌ను వ్యతిరేకించింది మాత్రం నిజం. అయితే ఆ ఊరికి వెళ్లింది తుపాన్ల మీద పత్రం చదవడానికి.

ఆయన చనిపోయింది 1865 ఏప్రిల్ 30న. పరిణామం మీద డార్విన్ పుస్తకం వచ్చింది 1859 నవంబరులో. మధ్యలోని అయిదేళ్లూ ఆయన తలమునకలైంది వాతావరణ అంచనాల పనిలో. 1859 అక్టోబరు తుపానులో రాయల్ చార్టర్ ఓడ మునిగి 400 మందికి పైగా పోయాక, 1861లో తంతి ద్వారా రేవులకు హెచ్చరికలు మొదలుపెట్టాడు. వేర్వేరు చోట్ల ఉదయం కొలిచిన గాలి ఒత్తిడి (భారమితి), ఉష్ణోగ్రత, గాలి వివరాలు పదింటికల్లా లండన్ చేరేవి. ఎత్తుకూ ఉష్ణోగ్రతకూ సవరించి, పదకొండింటికి పత్రికకు అంచనా పంపేవారు. గాలివాన వస్తుందంటే రేవులో స్తంభానికి శంకువు ఎత్తేవారు: మొన పైకుంటే ఉత్తరం నుంచి, కిందికుంటే దక్షిణం నుంచి. గాలులు దిక్కులు మార్చుకుంటూ వచ్చేట్టుంటే పీపా, రాత్రయితే లాంతర్లు. మన విశాఖ, కాకినాడ రేవుల్లో "ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక" అన్నప్పుడు ఎగరేసేవీ శంకువులూ పీపాలే.

ఇబ్బందల్లా పడమర నుంచే. తుపాన్లు వచ్చేది అట్లాంటిక్ మీదుగా, అక్కడ కొలిచేవారే లేరు. అంచనా తప్పినప్పుడల్లా ఎగతాళి. దానికి తోడు, ఆయన కోరుకున్న పదవి 1857లో ఒకప్పటి తన కింది అధికారి సలివన్‌కు దక్కింది. సర్వే కోసం 1833లో 1,300 పౌండ్లు పెట్టి కొన్న రెండో ఓడ ఖర్చు నౌకాశాఖ ఇవ్వనేలేదు. ఆస్తి కరిగి, అప్పులు మిగిలాయి. ఆరోగ్యం పాడైంది, మనసు కుంగిపోయింది. మేనమామ కాసిల్‌రే కూడా 1822లో ఇలాగే ఆత్మహత్య చేసుకున్నాడు. ఇవన్నీ పక్కన పెట్టి ఒక్క పుస్తకం మీద నెపం వేయడానికి ఆధారం లేదు. కుటుంబం కోసం మిత్రులు చందాలు పోగుచేస్తే డార్విన్ 100 పౌండ్లు ఇచ్చాడు.

ఆయన మొదలుపెట్టిన తుపాను హెచ్చరికలను 1866 డిసెంబరులో ఆపేశారు. మరుసటి ఏడే మళ్లీ మొదలుపెట్టారు.