లోయర్ ఆర్మ్‌పై ఏకసభ్య కమిషన్

మా కారుకి 14 ఏళ్లు నిండాయి. కొన్నాళ్లుగా స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడల్లా ముందు ఎడమ చక్రం దగ్గర ‘లొడక్’ మంటోంది. సమస్య తీవ్రత దృష్ట్యా ఇంట్లో అఖిలపక్షం పెట్టాం. డిక్కీలో స్టెప్నీ వదులైందని మామగారు, అసలు శబ్దమే లేదని మావాడు (చెవుల్లో ఇయర్‌ఫోన్లు), కారే మార్చేద్దామని మా ఆవిడ. ఏకాభిప్రాయం కుదరక మా బావగారిని ఏకసభ్య కమిషన్‌గా వేశాం. ఆయన వెనక సీట్లో కళ్లు మూసుకుని విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి (మా కారుకీ బెంజ్‌కీ ఉన్న ఏకైక సంబంధం) పటమట దాకా విని, “లోయర్ ఆర్మ్ బుష్‌లు పోయాయి” అని తేల్చేశారు (చక్రాన్ని బండికి పట్టి ఉంచే కింది చెయ్యి లోయర్ ఆర్మ్, దాని కీళ్లలో ఉండే రబ్బరు ముక్కలు బుష్‌లు). కమిషన్ వేసిన రోజే నివేదిక రావడం మన రాష్ట్రంలో ఇదే మొదటిసారి అనుకుంటా.

జబ్బు తేలింది సరే, ఎక్కడ చూపించాలి?

ముందు సర్వీస్ సెంటర్‌కి వెళ్లాను. ఏసీ, కాఫీ మెషిన్, గోడంత అద్దం. ఆ అద్దంలోంచి కారు బ్రహ్మాండంగా కనపడుతుంది, కారు కింద ఏం చేస్తున్నారో మాత్రం కనపడదు. అడ్వైజర్ కుర్రాడు ట్యాబ్ చూస్తూ, బుష్ విడిగా రాదు సార్, ఆర్మ్ మొత్తం మార్చాలి, ఒక పక్క మారిస్తే రెండో పక్కా మార్చాలి, షాకబ్జర్ ఆయిల్ కారుతోంది, అవి జతగానే వేయాలి, స్ట్రట్ మౌంట్లు, లింక్ రాడ్లు, ఆపైన అలైన్‌మెంట్ అంటూ 34 వేల దగ్గర ఆగాడు. షాకబ్జర్లు జతగా మార్చాలన్నది నిజమే, అలైన్‌మెంట్ చేయించాలన్నదీ నిజమే. ఎస్టిమేట్‌లో అక్కడక్కడా నిజాలు కలిపితేనే మనలాంటివాళ్లకి చిక్కు. 2025 సెప్టెంబర్ 22 నుంచి స్పేర్ పార్టుల జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కదా బాబూ అన్నాను. “దిగాకే ఇది సార్” అన్నాడు.

అమ్మితే లక్షా పది వేలు రాని బండికి కాళ్ల ఖర్చే 34 వేలా అని జవహర్ ఆటోనగర్‌కి తోలుకెళ్లాను. లారీకి లారీనే విప్పి మళ్లీ కట్టే చోటు, మా కారొక లెక్కా! మెకానిక్ అట్టముక్క పరుచుకుని కిందకి దూరి, రాడ్డుతో ఆర్మ్‌ని ఎత్తి, చీలిపోయిన రబ్బరు చూపించాడు. పాత ఆర్మ్‌కే కొత్త బుష్‌లు ప్రెస్ చేయిస్తే షాకబ్జర్లతో కలిపి తొమ్మిది వేలల్లో అయిపోద్దన్నాడు. “ఒరిజినలా, లోకలా, ఒరిజినల్ లాంటిదా?” అనడిగాడు. ఆ మూడోదే ఎక్కువ పోతుందట.

అంతా బాగుంది గానీ, బండి జాకీ మీద ఉండగానే ఆర్మ్ బోల్టు బిగించేయబోయాడు. చక్రం వేలాడుతున్నప్పుడు బిగిస్తే, బండి నేల మీదకి దిగాక ఆ రబ్బరు మెలి తిరిగే ఉంటుంది, గుంతల్లో పడుతూ లేస్తూ తొందరగా చిరిగిపోతుంది. బరువు చక్రాల మీద పడ్డాకే గట్టిగా బిగించాలి. ఆ మాటే చెప్పాను.

“యూట్యూబా సార్?” అన్నాడు జాలిగా. అయినా దించాడు, దించాకే బిగించాడు.

సర్వీస్ సెంటర్‌లో ఇదే అడిగితే “అంతా ప్రొసీజర్ ప్రకారమే సార్, కాఫీ తీసుకోండి” అన్నారు. నా తీర్మానం అక్కడే అయిపోయింది. కాఫీ ఎక్కడైనా దొరుకుతుంది, పక్కన గొంతుక్కూర్చుని “అన్నా, దించి బిగించు” అనే హక్కు అన్నిచోట్లా దొరకదు.

అలైన్‌మెంట్ కూడా చేయించి అందర్నీ ఎక్కించుకుని బయల్దేరాను. పటమట స్పీడ్ బ్రేకర్ దగ్గర ఊపిరి బిగబట్టాం. ముందు చక్రాలు చప్పుడు లేకుండా దిగాయి. వెనక చక్రాలు దిగుతుండగా ‘టక్’ మంది. ఇన్నాళ్లూ ముందు లొడలొడలో వినపడలేదంతే.

బావగారు అప్పటికే కళ్లు మూసుకున్నారు.