కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందా? వాట్సాప్‌లో తిరుగుతున్న మెసేజ్‌కి జవాబు

ఈ మెసేజ్ మీ ఫ్యామిలీ గ్రూపులోకీ వచ్చే ఉంటుంది: "కడుపులో గడ్డని కోయించకండి. గాలి తగిలితే ఒళ్లంతా పాకుతుంది. ముక్క పరీక్షకి ఒప్పుకోవద్దు. 60 దాటినవాళ్లకి ఆపరేషన్ వద్దే వద్దు. ఎక్కడ చేయించినా ఒకటే, బతికినా జన్మంతా పొట్టకి సంచే. అన్నం, పాలు, గుడ్లు మానేసి గోధుమగడ్డి రసంతో గడ్డని మాడ్చండి." కింద ఎవరో డాక్టరు పేరుంటుంది, ఊరుండదు.

హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో, పొట్ట, పేగుల ఆపరేషన్లు చేసే సర్జికల్ గ్యాస్ట్రో వార్డులో ఫిజియోథెరపిస్టుని. ఆపరేషన్ డేట్ ఖాయమయ్యాక పేషెంట్ కొడుకో అల్లుడో పక్కకి పిలిచి ఫోన్‌లో చూపించేది దీన్నే. అందుకే ఈ జవాబు.

"గాలి తగిలితే పాకుతుంది." పాకదు. కానీ ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. "మా పెదనాన్నకి పొట్ట కోశారు, మూడు నెలల్లో పోయాడు" అనేవాళ్లు అబద్ధమాడటం లేదు. జరిగిందేమిటంటే, జీర్ణాశయం, క్లోమం (పాంక్రియాస్) క్యాన్సర్లు చాలాకాలం బయటపడవు. ఆకలి తగ్గితే గ్యాస్ అనుకుంటాం, మెడికల్ షాపులో గోళీ కొని మింగుతాం, నెలలు గడిచిపోతాయి. క్లోమం క్యాన్సర్ అయితే, బయటపడేనాటికి ఆపరేషన్‌కి వీలుండేది నూటికి 15-20 మందికే. పైగా పొట్ట లోపలి పొర మీద ఆవగింజలంత చుక్కలు సీటీ స్కాన్‌కి అందకపోవచ్చు. తెరిచాక అవి కనబడితే, గడ్డ తీసినా లాభం లేదని సర్జన్ మూసేస్తారు. బయట కూర్చున్న ఇంటివాళ్లకి మాత్రం కోశాకే పాకిందనిపిస్తుంది. ఈ తిప్పలు తప్పించడానికే ఇప్పుడు ముదిరిన జీర్ణాశయం క్యాన్సర్లలో ముందుగా చిన్న రంధ్రంలోంచి కెమెరా పంపి లోపలంతా చూస్తున్నారు.

ఈ భయం సర్జన్లకీ ఉండేది. 1990లలో లాపరోస్కోపీ, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్, కొత్తగా వచ్చినప్పుడు, రంధ్రాలు పెట్టినచోటే క్యాన్సర్ మొలిచిన కేసులు చూసి కంగారుపడ్డారు. పరిశోధనలు చేశారు. పెద్దపేగు క్యాన్సర్ మీద 2004లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, పొట్ట కోసి చేసినా లాపరోస్కోపీతో చేసినా, గాయం దగ్గర మళ్లీ రావడం 1 శాతం లోపే ఉంది.

అసలు గడ్డలోకి కత్తి దించరు. చుట్టూ కొంత మంచి భాగంతో, ఆ ప్రాంతపు లింఫ్ గ్రంథులతో (క్యాన్సర్ ముందుగా పాకే చిన్న బుడిపెలతో) కలిపి ఒకే ముద్దగా తీస్తారు. పెద్దపేగు క్యాన్సర్‌లో కనీసం 12 గ్రంథులైనా పరీక్షించాలన్నది లెక్క. మలాశయం (పెద్దపేగు చివరి భాగం) క్యాన్సర్ ఒకప్పుడు తీసినచోటే మళ్లీ మళ్లీ వచ్చేది. చుట్టూ ఉన్న కొవ్వు పొర చిరగకుండా దానితో సహా తీయాలని 1982లో బ్రిటన్ సర్జన్ బిల్ హీల్డ్ చూపించాక ఆ బెడద బాగా తగ్గింది. మెసేజ్ రాసినాయన కత్తిని తిట్టాడు గానీ, కోసే పద్ధతి మారితే ఫలితం ఎంత మారుతుందో ఆయనకి పట్టలేదు.

"ముక్క పరీక్ష వద్దు." అంటే బయాప్సీ వద్దని. అన్నవాహిక, జీర్ణాశయం, పేగుల్లో కెమెరా పరీక్షతో తీసే ముక్క వల్ల అలాంటి ముప్పేమీ లేదు. కాలేయంలో సూది దారి వెంట కణాలు అంటుకోవడం అరుదుగా జరుగుతుంది, నిజమే. అందుకే స్కాన్‌లోనే స్పష్టంగా తేలితే, ఆపరేషన్‌కి వీలున్న కాలేయపు గడ్డలకి చాలాసార్లు సూది గుచ్చరు. డాక్టర్లు దాచిన రహస్యం కాదిది, వాళ్లు పాటించే పద్ధతే.

"60 దాటితే వద్దు." వయసొక్కటే చూసి ఎవరూ కాదనరు. మెట్లెక్కగలరా, గుండె, ఊపిరితిత్తులు, షుగర్ ఎలా ఉన్నాయి, ఇవి చూస్తారు. 75 ఏళ్ల పెద్దాయన పొలం పనిచేసే మనిషైతే, 50 ఏళ్ల బీడీ మనిషి కన్నా ముందు లేచి నడుస్తాడు. నాలుగు వారాల ముందే పొగ మానితే ఊపిరితిత్తుల ఇబ్బందులు తగ్గుతాయి. మూడు రంగు బంతులుండే ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి గాలి లోపలికి పీల్చమంటాం. చాలామంది మొదట ఊదుతారు! పీల్చాలి తాతా అంటే, ఒక్క బంతి లేచేసరికి దగ్గొస్తుంది. ఇంట్లో సాధన చేసినవాళ్లకి ఆపరేషన్ మర్నాడు పొట్టలోంచి నీరు లాగే డ్రెయిన్ సంచి చేత్తో పట్టుకుని వరండాలో నడవడం తేలికవుతుంది. నడిస్తే నిమ్ము భయం, కాళ్లలో రక్తం గడ్డకట్టే భయం రెండూ తగ్గుతాయి.

"ఎక్కడ చేయించినా ఒకటే." మొత్తం మెసేజ్‌లో నాకు కోపం తెప్పించే మాట ఇదే. 2002లో అచ్చయిన అమెరికా అధ్యయనం ప్రకారం, క్లోమం ఆపరేషన్లు చాలా తక్కువ చేసే ఆసుపత్రుల్లో మరణాలు 16.3 శాతం, చాలా ఎక్కువ చేసేచోట 3.8 శాతం. పెద్దపేగు ఆపరేషన్లలో ఆ తేడా 2 శాతం లోపే. కాబట్టి క్లోమం, అన్నవాహిక ఆపరేషన్లకి ఇంటికి దగ్గరని నర్సింగ్ హోమ్ ఎంచుకోకండి. ఏడాదికి ఎన్ని చేస్తారని మొహమాటపడకుండా అడగండి. డబ్బుల టెన్షన్ ఉంటే రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి ఉన్న ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఎంఎన్‌జే ఉంది, నిమ్స్ ఉంది, ఉస్మానియా ఉంది. ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షలకి పెంచారు.

"జన్మంతా సంచే." మలం పోవడానికి పొట్టకి తగిలించే ఈ సంచి చాలామందికి అసలు అవసరమే రాదు. మలాశయం ఆపరేషన్‌లో లోపలి అతుకు మానేదాకా పెట్టేది తాత్కాలికం, కొన్ని నెలలకి తీసేస్తారు. శాశ్వతంగా పెట్టేది ఎక్కువగా గడ్డ మలద్వారానికి మరీ దగ్గరున్నప్పుడే. జీర్ణాశయం మొత్తం తీసినవాళ్లు కూడా తింటారు. కొంచెం కొంచెంగా రోజుకి ఆరుసార్లు తినాలి, బీ12 ఇంజెక్షన్లు జీవితాంతం తీసుకోవాలి.

ఇక గోధుమగడ్డి. రసం తాగితే తాగారు, గుడ్లూ పాలూ మానడమే ప్రమాదం. ఉపవాసం ఉంటే మాడేది గడ్డ కాదు, కండ. కండ కరిగి నీరసించిన ఒంట్లో కుట్లు మానవు, ఇన్ఫెక్షన్లు త్వరగా పట్టుకుంటాయి. ఆరు నెలల్లో బరువు పదో వంతుకి పైగా తగ్గితే, ఆపరేషన్‌ని ఒకటి రెండు వారాలు వాయిదా వేసైనా పేషెంట్‌కి బలం పట్టిస్తారు. నోటితో తినలేకపోతే ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి మరీ పోస్తారు.