కత్తెర కొత్తగా పట్టినవారికి హితబోధ

మెడ చుట్టూ గుడ్డ కట్టించుకుని, చేతులు దాని కింద దాచుకుని, తన జుట్టు మీ చేతిలో పెట్టిన మనిషికి సొంత అభిప్రాయాలు ఉండవు. సెలూన్‌లో కొత్తగా చేరినవాళ్లకు ఈ ఒక్క సంగతి ఒంటబడితే వృత్తి సగం వచ్చినట్టే. మిగతా సగం పని నేర్చుకోవడం. దానికంత తొందరేం లేదు.

ముందుగా మానుకోవాల్సింది వినడం. "కొసలు మాత్రం తీయండి, ఒక్క అంగుళం చాలు" అంటారు. మీరు జుట్టు పాయను వేళ్ల మధ్య పట్టి "ఇక్కడికేనా?" అని అద్దంలో చూపించారో, పని రానివాళ్లని తేలిపోతుంది. "నాకొదిలేయండి" అనాలి. జుట్టు నేలమీద పడ్డాక అంగుళం లెక్క ఎవరు తేలుస్తారు?

ఇక ముందుజుట్టు. తడిసిన జుట్టు సాగుతుంది, ఆరాక ముడుచుకుంటుంది. ఉంగరాల జుట్టయితే మరీను. ఈ సంగతి తెలిసిన పిరికివాళ్లు కావాల్సినదానికన్నా కొంచెం కిందికే కత్తిరించి, ఆరబెట్టి చూసుకుని, అప్పుడు సవరిస్తారు. మీకెందుకా చాదస్తం? బాగా తడిపి, దువ్వెనతో బిగలాగి, సరిగ్గా కనుబొమల మీదే కత్తెర వేయండి. ఆరేసరికి అదే నుదుటి మధ్యకు ఎక్కి కూర్చుంటుంది. ఎడమ పక్క పొట్టిగా కనిపిస్తే కుడి పక్క సరిచేయండి. అప్పుడు కుడి పొట్టవుతుంది, మళ్లీ ఎడమకు రండి. జుట్టు నెలకు సుమారు 1.25 సెంటీమీటర్లకు మించి పెరగదు కాబట్టి మీ పనితనాన్ని కొన్ని నెలలపాటు ఊరంతా చూస్తుంది. ఏ శిల్పికీ ఇంత ప్రచారం దొరకదు.

రంగు విషయంలో ప్యాచ్ టెస్ట్ అనే ఆటంకం ఒకటుంది. రంగు వేయడానికి 48 గంటల ముందు చెవి వెనకో మోచేతి మడతలోనో కొంచెం రాసి చూడమంటారు. హెయిర్ డైలలో ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి పడదు. నెత్తి మండి, ముఖం వాచి, కళ్లు మూసుకుపోయేదాకా వెళ్లవచ్చు. ఇన్నేళ్లూ హాయిగా వేసుకున్నవాళ్లకీ ఓసారి హఠాత్తుగా మొదలవచ్చు. (ఇది వేళాకోళం కాదు.) కానీ రెండ్రోజులు ఆగమంటే వచ్చిన బేరం పక్క దుకాణానికి పోదూ? రంగులో కలిపే డెవలపర్ అనే ద్రవానిదీ ఇదే వరస. దాని ఘాటును వాల్యూముల్లో చెబుతారు. 20 వాల్యూమ్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ 6 శాతమైతే 40లో 12 శాతం. రెట్టింపు మందుకి రెట్టింపు అందం రావాలి కదా! జుట్టు గడ్డిలా తయారైతే దానికీ ఒక ట్రీట్‌మెంట్ అమ్మవచ్చు.

శుభ్రత కనబడితే చాలు, ఉండనక్కర్లేదు. గాజు జాడీలో క్రిములను చంపే నీలం ద్రవం అందరి కళ్లూ పడేచోట పెట్టండి. దువ్వెనలు అందులో ముంచే ముందు వెంట్రుకలు తీసి సబ్బుతో కడగాలని, ముంచాక చెప్పినంతసేపు ఉంచాలని సీసా మీద రాసే ఉంటుంది, చదివేదెవరు? వ్యాక్స్ పుల్లకైతే మనిషి ఒంటికీ డబ్బాకీ మధ్య రాకపోకలు నిరాటంకంగా సాగనివ్వండి. ముందొచ్చిన మనిషి చర్మం మీది సూక్ష్మక్రిములు తర్వాతి మనిషికి ఉచితం.

తల కడిగేటప్పుడు బేసిన్ అంచున మెడ వెనక్కి విరిచిపెట్టి మీరు ఫోన్ చూసుకోండి. అలా తల కడిగించుకున్నాక పక్షవాత లక్షణాలు కనిపించిన ఐదుగురి గురించి వైన్‌ట్రాబ్ అనే డాక్టరు 1993లోనే అమెరికా వైద్య పత్రికలో రాశాడు. అరుదే అనుకోండి. మెడ కింద మడిచిన టవల్ పెట్టి, "నొప్పిగా ఉందాండీ?" అని అడగడం అంతకన్నా అరుదు.

మర్యాద సంగతికొస్తే, పాయ ఎత్తి చూసి పెదవి విరిచి, "ఇదివరకు ఎవరు కట్ చేశారండీ?" అనాలి. మీ దగ్గరే చేయించుకుని ఉంటే వెంటనే జుట్టు ఊడటం మీదికి వెళ్లిపోండి. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. అది మాత్రం పొరపాటున కూడా నోరుజారకండి, సీరం సీసా అమ్ముడుపోదు.

అంతా అయ్యాక వెనక అద్దం పట్టుకుని అరక్షణం అటూ ఇటూ తిప్పి "బాగుందా?" అనండి. ఎవరైనా తలూపుతారు. కళ్లజోడు ఆ తర్వాత అందివ్వండి.