పార్శిల్‌లో వచ్చిన ముఖం

2007 ఏప్రిల్ 18న న్యూయార్క్‌లోని ఎన్‌బీసీ న్యూస్ కార్యాలయానికి ఒక పార్శిల్ వచ్చింది. పంపినవాడు అప్పటికి రెండు రోజుల కిందటే చనిపోయాడు. దాని మీద పోస్టాఫీసు వేసిన సమయం 16వ తేదీ ఉదయం 9:01. వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం వసతిగృహంలో ఆ ఉదయం ఏడుంబావు వేళ ఇద్దరిని చంపిన విద్యార్థి, తన వీడియోలు, ఫొటోలు, రాతలు కవరులో పెట్టి పోస్టు చేసి, తరగతి గదులుండే నోరిస్ హాల్‌కు వెళ్లాడు. అక్కడ పది పన్నెండు నిమిషాల్లో మరో 30 మందిని చంపి, తనను తాను కాల్చుకున్నాడు.

తన ముఖాన్ని లోకానికి చూపించే పని అతడు ఆ టీవీ సంస్థకు అప్పగించి వెళ్లాడు. సంస్థ ఆ పని చేసిపెట్టింది. పార్శిల్‌ను దర్యాప్తు అధికారులకు అందజేసింది, అది సరైన పనే. కానీ ఆ సాయంత్రమే అందులోని దృశ్యాలను తన ముద్ర వేసి ప్రసారం చేసింది. కాసేపటికే ప్రతి చానల్లోనూ అతడే. పిల్లలను ఇంకా మట్టికి అప్పగించని కుటుంబాలు కొన్ని కడుపుమండి, ఎన్‌బీసీ ఉదయం కార్యక్రమానికి ఒప్పుకున్న ఇంటర్వ్యూలను రద్దు చేసుకున్నాయి. కెనడా ప్రభుత్వ ప్రసార సంస్థ సీబీసీ మాత్రం ఆ దృశ్యాలను చూపబోమని నిర్ణయించుకుంది. దానివల్ల కెనడా ప్రజలకు తెలియకుండా పోయిన సమాచారం ఏదీ లేదు.

ఆ రోజుల్లో నేను ఒక పత్రిక డెస్కులో పనిచేసేవాణ్ని. రెండు చేతుల్లో రెండు పిస్తోళ్లు చాచి నిలబడ్డ ఆ ఫొటో ఏజెన్సీ నుంచి రాగానే మొదటి పేజీకి అదే అనుకున్నాం. ఎవరమూ అడ్డు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. అదే నోరిస్ హాల్‌లో జలశాస్త్రం పాఠం చెబుతూ చనిపోయిన ప్రొఫెసర్ లోగనాథన్ మన పక్కనున్న తమిళనాడువారు. ఆయన ఫొటో మా పత్రికలో తపాలా బిళ్లంత వచ్చింది. పక్క గదిలో 76 ఏళ్ల లివియు లిబ్రెస్కు తలుపుకు అడ్డుపడి నిలబడి, విద్యార్థులు కిటికీల్లోంచి దూకేదాకా హంతకుణ్ని ఆపారు. నాజీల కాలంలో యూదుల మారణకాండ నుంచి బతికి బయటపడిన మనిషి ఆయన. ఆ ఏడాది ఆ మారణకాండ మృతుల స్మారక దినం సరిగ్గా ఏప్రిల్ 16నే వచ్చింది. ఆయన గురించి మేము రాసింది ఆరు వాక్యాలు. ఆ పేజీ తలచుకుంటే నాకు ఇప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది.

ఆ వారమంతా టీవీలో ఎవరికి తోచింది వారు చెప్పారు. వీడియో గేములు కారణమన్నారు. అతడు కొరియాలో పుట్టాడన్న మాట పదేపదే వినిపించింది. ఎనిమిదేళ్ల వయసులో అమెరికా వచ్చి అక్కడే పెరిగిన వాడి నేరానికి దక్షిణ కొరియా దేశమే సిగ్గుపడింది. వాషింగ్టన్‌లోని ఆ దేశ రాయబారి 32 రోజులు ఉపవాసం ఉందామని ప్రతిపాదించారు. అమెరికాలో స్థిరపడిన ఏ వలస కుటుంబానికైనా ఈ భయం తెలుసు. కాల్పుల వార్త వినగానే, చంపినవాడు మనవాడు కాకూడదని లోలోపల దండం పెట్టుకుంటారు.

ఈ హోరులో అడుగున పడిపోయిన సంగతి ఒక కాగితం. 2005 డిసెంబరులో వర్జీనియాలోని న్యాయస్థానం ఒకటి ఆ యువకుడి మానసిక స్థితి వల్ల అతడికే ప్రమాదమని తేల్చి, ఆసుపత్రిలో చేర్చకుండా బయటి చికిత్స తీసుకోమని ఆదేశించింది. తుపాకీ కొనేవారిని తనిఖీ చేసే జాబితాలోకి ఆసుపత్రిలో చేర్చినవారి పేర్లే వెళ్లేవి, బయటి చికిత్సకు పంపినవారివి వెళ్లేవి కావు. అందుకే 2007 ఫిబ్రవరిలో ఒకటి, మార్చిలో ఒకటి, రెండు పిస్తోళ్లు దుకాణాల్లో తనిఖీ దాటి కొనగలిగాడు. గవర్నర్ టిమ్ కెయిన్ ఏప్రిల్ 30న ఒక ఉత్తర్వుతో ఆ కన్నం పూడ్చారు. మరుసటి జనవరిలో, రాష్ట్రాలు ఇలాంటి వివరాలను జాతీయ జాబితాకు సక్రమంగా పంపేలా సమాఖ్య చట్టం వచ్చింది. హంతకుడి కళ్లలో ఏముందో వెతికిన గంటల్లో ఒక్క గంట ఈ కాగితానికి కేటాయించి ఉంటే, తుపాకీ అతడి చేతికి ఎలా వచ్చిందో అప్పుడే జనానికి అర్థమయ్యేది. కానీ కాగితానికి ముఖం లేదు, తెర మీద నిలబడదు.

అదే ఏడాది డిసెంబరులో లూసియానా స్టేట్ యూనివర్సిటీ ప్రాంగణంలోని అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు పరిశోధక విద్యార్థులను కాల్చి చంపారు. ఇద్దరూ మన తెలుగువారే. అప్పటినుంచి ఇలాంటి వార్త ఎన్నిసార్లు వచ్చినా మన తీరు మారలేదు. ఇంటి ముందు కెమెరాలు చేరతాయి. బంధువులు ఇంకా రాకముందే, స్పృహ తప్పి లేచిన తల్లి ముందు మైకు పెడతారు. అడిగేది ఒకటే ప్రశ్న: "చివరిసారి మీతో ఏమి మాట్లాడాడమ్మా?"