గోడ మూసేముందు ఒక వసంతం చూడండి

ఇంటి కింది బేస్‌మెంట్‌ని గదులుగా మార్చే పని అనుకోగానే ఇంట్లో మాటలన్నీ ప్రొజెక్టర్ ఎక్కడ పెట్టాలి, బాత్రూమ్ ఏ మూలకి రావాలి, కార్పెట్టా వినైలా అన్నవాటి చుట్టూనే తిరుగుతాయి. నీళ్ల ఊసు ఎవరూ ఎత్తరు. అమెరికా, కెనడాల్లోని చలి ప్రాంతాల్లో బేస్‌మెంట్లు పాడయ్యేది మాత్రం నీళ్లతోనే. బయటి నుంచి గోడలోకి వచ్చేవి కొన్ని, ఇంట్లోని గాలిలోంచి గోడ మీద పుట్టేవి కొన్ని. అందుకే గట్టిగా చెబుతున్నాను, ఇల్లు కొన్న ఏడాదే పని మొదలుపెట్టకండి. వట్టి కాంక్రీటు గోడ ఒక మంచు కరిగే కాలాన్నీ, ఒక ఉక్కపోత వేసవినీ ఎలా దాటిందో కళ్లారా చూశాకే దాన్ని పలకలతో మూయండి.

మంచు కరిగే రోజులే ఎందుకంటే, ఇంటి వేడికి గోడ వారన ఉన్న మన్ను ముందు మెత్తబడుతుంది. అవతలి నేల ఇంకా గడ్డకట్టే ఉంటుంది. కరిగిన నీరు అక్కడ ఇంకలేక గోడ వెంటే దారి చూసుకుంటుంది. ఆ రెండు మూడు వారాలు టార్చి పట్టుకుని, గోడ నేలని కలిసే అంచు వెంట రోజూ ఒకసారి నడవండి. గోరుతో గీకితే రాలే తెల్లటి ఉప్పులాంటి పొడి కనిపిస్తే, కాంక్రీటులోంచి నీరు వచ్చి ఆరిపోయిందని అర్థం. పగులు రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో అడ్డగీత గీసి పక్కన తేదీ రాయండి. ఆరు నెలలకి పగులు ఆ గీత దాటితే అది ఇంకా పెరుగుతోందన్నమాట. పోత పోసిన కాంక్రీటు గోడలో నీరు ఊరే సన్నటి నిలువు పగులుకి పాలియురెథేన్ ఇంజెక్షన్ పనికొస్తుంది. బ్లాకుల గోడకి సగం ఎత్తులో అడ్డంగా పగులొచ్చి, గోడ లోపలికి ఉబ్బిందంటే అది మట్టి తోపుడు. స్ట్రక్చరల్ ఇంజనీరు చూసేదాకా దాని ముందు ఏమీ కట్టకూడదు.

వేసవి సంగతి వేరు. 18 అంగుళాల చదరపు ప్లాస్టిక్ షీటుని నేల మీద పరచి, నాలుగు వైపులా టేపు వేసి కనీసం 16 గంటలు వదలండి. చెమ్మ షీటు కింద పడితే అది కాంక్రీటులోంచి వస్తోంది. షీటు పైన పడితే గదిలోని తేమ చల్లటి నేలని తాకి నీరవుతోంది. మొదటిదానికి మందు బయట ఉంది, రెండోదానికి లోపల. ఉక్కపోత రోజుల్లో బేస్‌మెంట్ ఆరుతుందని కిటికీలు తెరిచిపెట్టేవాళ్లు ఈ రెండో చెమ్మని చేజేతులా లోపలికి పిలుస్తున్నారు. కిటికీలు మూసి, డీహ్యూమిడిఫయర్‌తో తేమ 50 శాతం దాటకుండా చూసుకోవాలి.

బయటి పని ఖరీదైనది కాదు, అందుకేనేమో ఎవరికీ పట్టదు. గోడ నుంచి మొదటి 10 అడుగుల్లో నేల 6 అంగుళాలు వాలాలి. కప్పు మీది నీటిని కిందికి దింపే డౌన్‌స్పౌట్ గొట్టం నీరు గోడకి కనీసం 6 అడుగుల అవతల పడాలి. దారి మీద ఎత్తిన మంచుని గోడకి ఆనించి పోగు పెట్టకూడదు. నేల కింద చేరే నీటిని గుంటలోంచి బయటికి తోడే సంప్ పంపు గొట్టం బయట వాలుగా లేకపోతే అందులో నిలిచిన నీరు గడ్డకడుతుంది, పంపు తిరుగుతూనే ఉంటుంది, గుంట పొర్లుతుంది. గొట్టం బయటికి వచ్చేచోట, అడ్డుపడితే నీరు పక్కకి పోయేలా ఒక ఫిట్టింగ్ పెట్టించండి, పంపుకి బ్యాటరీ బ్యాకప్ కూడా. లోపలి గోడకి వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేసి సరిపెట్టే పద్ధతిని నేను నమ్మను. వెనక నీరు తోస్తుంటే అది కొన్నాళ్లకి పొక్కులు పొక్కులుగా లేచిపోతుంది.

ఇప్పుడు గోడ దగ్గరికి వద్దాం. ఎక్కువ డబ్బు మట్టిలో కలిసేది ఇక్కడే. చాలా కొటేషన్లలో కనిపించే పద్ధతి ఇది: కాంక్రీటు ముందు స్టడ్లనే నిలువు చెక్కలు, మధ్యలో చలిని ఆపే ఫైబర్‌గ్లాస్ దూది, దాని మీద ఆవిరిని ఆపే పాలిథీన్ షీటు, ఆపైన డ్రైవాల్ అనే జిప్సం పలక. 70 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో 40 శాతం తేమ ఉన్న గాలి, సుమారు 45 డిగ్రీల ఉపరితలాన్ని తాకితే చాలు, నీరు కక్కుతుంది. నేలమట్టానికి పైన ఉండే కాంక్రీటు నడిచలికాలంలో అంతకంటే ఎంతో చల్లగా ఉంటుంది. ఫైబర్‌గ్లాస్ గాలిని ఆపదు. స్విచ్ బోర్డు సందుల్లోంచి, డ్రైవాల్ అంచుల్లోంచి వెచ్చటి గాలి వెనక్కి చేరి కాంక్రీటు మీద బొట్లు కడుతుంది. అవి జారి కింది చెక్కలోకి దిగుతాయి. పాలిథీన్ అడ్డుండటంతో ఆ తడి గదివైపు ఆరలేదు. ముక్కిన వాసన వచ్చేసరికి డ్రైవాల్ వెనక బూజు ఎప్పుడో పట్టేసి ఉంటుంది.

సరైన పద్ధతిలో ముందు కాంక్రీటుకే ఫోమ్ బోర్డు అతకాలి. ఎక్స్‌పీఎస్ అనే గట్టి పాలిస్టైరీన్ ఫోమ్ బోర్డు 2 అంగుళాలది ఆర్-10 ఇస్తుంది, వేడిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె అది. బోర్డు గోడకి ఒత్తుకుని ఉండాలి, అతుకులన్నీ టేపుతో మూయాలి, పై అంచునీ కింది అంచునీ స్ప్రే ఫోమ్‌తో సీలు చేయాలి. పై అంచు వదిలేస్తే బోర్డు వెనక గాలి తిరుగుతుంది, చేసిన పనంతా వృథా. దాని ముందు 2×4 స్టడ్లు, మధ్యలో రాతి నారతో చేసే మినరల్ వుల్ పెట్టుకోవచ్చు. పాలిథీన్ వద్దు. మీ ఊరి ఇన్‌స్పెక్టర్ పాలిథీన్ కావాలనే అలవాటున్నవారైతే, ఆవిరిని ఆపే పని ఫోమ్ బోర్డే చేస్తుందని డ్రాయింగులోనే చూపించి ముందుగా ఒప్పించండి. కాంక్రీటుని తాకే కింది చెక్క కుళ్లకుండా మందు పట్టించిన ప్రెషర్ ట్రీటెడ్‌ది కావాలి, దాని కింద ఫోమ్ గాస్కెట్ పట్టీ ఉండాలి. ఫోమ్‌ని ఎక్కడా తెరిచి వదలకూడదు, అది మంటకి త్వరగా అంటుకుంటుంది. అరంగుళం డ్రైవాల్‌తో కప్పాల్సిందే. ఆ డ్రైవాల్‌ని నేలకి అరంగుళం పైనే ఆపండి.

గోడ పైన, పై అంతస్తు నేలని మోసే జాయిస్టు దూలాల కొసల్లో అడ్డంగా ఉండే రిమ్ జాయిస్ట్‌ని చాలామంది మరిచిపోతారు. అక్కడ ఫైబర్‌గ్లాస్ ముక్కలు కుక్కితే చలికాలంలో వాటి వెనక తెల్లగా మంచు పేరుకుంటుంది. జాయిస్టుల మధ్య ప్రతి ఖానాకీ 2 అంగుళాల ఫోమ్ బోర్డు కోసి పెట్టి, చుట్టూ డబ్బా ఫోమ్ కొట్టాలి. ఓపిక కావాలి గానీ సొంతంగా చేసుకోగల పని.

నేలకి ఒక అంగుళం ఫోమ్, దానిమీద అరంగుళం ప్లైవుడ్ రెండు వరసలు వేస్తే నేల 2 అంగుళాలు లేస్తుంది. పైకప్పు ఎత్తు 7 అడుగులు మిగులుతుందా అని అందరూ కొలుస్తారు. మెట్లు ఎవరూ కొలవరు. నేల లేచినంత మేర చివరి మెట్టు పొట్టిదవుతుంది. మెట్ల ఎత్తుల్లో తేడా అంగుళంలో ఎనిమిదిలో మూడు వంతులు దాటకూడదని అమెరికాలో చాలా ఊళ్లు పాటించే రెసిడెన్షియల్ కోడ్ చెబుతుంది. అలవాటుగా దిగే కాలికి నేల ముందే తగిలితే మనిషి తూలిపడతాడు. నేల ఎత్తు తేలాకే మెట్ల పని మాట్లాడండి.

పెద్దవాళ్లో అతిథులో పడుకునే గది వేస్తుంటే మంటలొస్తే బయటపడటానికి ఉండే ఎగ్రెస్ కిటికీ విషయంలో రాజీ పడకండి. అదే కోడ్ ప్రకారం తెరిచినప్పుడు మిగిలే ఖాళీ కనీసం 5.7 చదరపు అడుగులు, ఎత్తు కనీసం 24 అంగుళాలు, వెడల్పు కనీసం 20, కింది అంచు నేల నుంచి 44 అంగుళాలు మించకూడదు. రెండు కనీసాలూ కలిపితే కిటికీ పాసవదు, 24 ఇంటూ 20 అంటే మూడున్నర చదరపు అడుగులైనా రాదు. వెడల్పు 20 అయితే ఎత్తు 41 దాటాలి. కిటికీ బయటి గుంతకి డ్రెయిన్ పెట్టించండి. మంచు పడకుండా వేసే మూత లోపలి నుంచి పనిముట్టు లేకుండా తెరుచుకోవాలి.

ఇంటిని వేడిచేసే ఫర్నేస్‌ని చిన్న గదిలో బంధించడం ఇంకో ప్రమాదం. గది గాలినే పీల్చే పాతరకం ఫర్నేస్, వాటర్ హీటర్ కలిసి గంటకి 1,20,000 బీటీయూ (వేడిని కొలిచే ప్రమాణం) అయితే, ప్రతి వెయ్యి బీటీయూలకీ 50 ఘనపుటడుగుల లెక్కన 6,000 ఘనపుటడుగుల గాలి కావాలి. 8 అడుగుల ఎత్తున్న గదికి అది 750 చదరపు అడుగులు. అంత చోటు ఎవరూ వదలరు కనుక, లెక్క ప్రకారం గాలి వచ్చే మార్గాలైనా పెట్టించాలి, బయటి గాలి పీల్చే ఉపకరణాలకైనా మారాలి. లేకపోతే పొగగొట్టంలో పోవాల్సిన కార్బన్ మోనాక్సైడ్ గదిలోకే తిరిగొస్తుంది. నేలలోంచి ఇంట్లోకి చేరే రేడియోధార్మిక వాయువు రేడాన్ పరీక్ష కూడా నేల వేయకముందే, ఇల్లు మూసి ఉండే చలికాలంలో చేయించండి. రేడాన్ అమెరికాలో లీటరు గాలికి 4 పికోక్యూరీలు, కెనడాలో ఘనపు మీటరుకి 200 బెకరల్స్ దాటితే తగ్గించే ఏర్పాటు చేయమంటారు. రేడాన్‌ని బయటికి పంపే గొట్టం దింపడానికి కొత్త నేల పగలగొట్టే దుస్థితి తెచ్చుకోకండి.

డ్రైవాల్ వచ్చే ముందురోజు ప్రతి గోడకీ కొలత టేపు ఆనించి, వైర్లూ పైపులూ కనిపించేలా ఫోటోలు తీసి పెట్టుకోండి. నీళ్లు కట్టేసే వాల్వులు, డ్రెయిన్ శుభ్రం చేసే క్లీనవుట్ మూత ఉన్న ప్రతిచోటా చిన్న తలుపు పెట్టమని కొటేషన్‌లోనే రాయించండి.