ఇవి మన లాకులే కదా

గతేడాది సెప్టెంబరులో నాన్నగారు అమెరికాలో మా దగ్గరికి వచ్చినప్పుడు, మేరీల్యాండ్‌లో పాయింట్ ఆఫ్ రాక్స్ దగ్గర పోటోమాక్ నది ఒడ్డున ఇద్దరం సైకిళ్ళు తొక్కాం. ఆయనకు డెబ్బై నాలుగేళ్ళు. పక్కింటివాళ్ళను అడిగి అడ్డకమ్మీ లేని సైకిలు తెచ్చాను. ఎక్కగానే హ్యాండిలు కాస్త వణికింది గానీ, ఆ తర్వాత వెనకబడింది నేనే. పది నిమిషాలు కాకముందే ఒక రాతి కట్టడం దగ్గర ఆయన దిగిపోయారు. వంగి లోపలికి చూసి, "ఏరా, ఇవి మన లాకులే కదరా!" అన్నారు.

మాది ధవళేశ్వరం దిగువన కాలువ గట్టు మీది ఊరు. లాకులంటే, అదే కాలువలో పడవల్ని ఎత్తుపల్లాలు దాటించే తలుపుల కట్టడమంటే, ఏమిటో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇక్కడి లాకుకి తలుపులు ఎప్పుడో పోయాయి. తెరిచినప్పుడు తలుపు ఒదిగి నిలబడే గాడి మాత్రం రాతిలో అలాగే ఉంది. దాన్ని చేత్తో తడిమి చూశారు. పడవ లోపలికి రావడం, వెనక తలుపు మూయడం, తూము ఎత్తి పైనీళ్ళు వదలడం, పడవ మెల్లగా పైకి తేలడం, నీళ్ళు సమానం కాగానే ముందు తలుపు తెరవడం, అన్నీ ఆయనే నాకు చెప్పారు. ఇరవై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కలే ఉంటున్న నేను అప్పటిదాకా ఆ రాళ్ళ పక్కనుంచి ఊరికే వెళ్ళిపోయేవాణ్ణి.

ఆ రాళ్ళు చెసపీక్ అండ్ ఒహాయో కాలువ 28వ లాకువి. వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ నుంచి కంబర్లాండ్ దాకా 184.5 మైళ్ళు నదిని ఆనుకుని సాగుతుందా కాలువ. 605 అడుగుల ఎత్తు ఎక్కడానికి 74 లాకులు కట్టారు. కంబర్లాండ్ వైపు నుంచి బొగ్గు పడవలు వచ్చేవి. కంచరగాడిదలు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవి. కొన్ని లాకుల రాళ్ళ అంచుల మీద ఆ తాళ్ళు ఒరిసి పడిన గాట్లు ఇప్పటికీ వేలికి తగులుతాయి. ఇది చెప్పగానే నాన్నగారికి తన చిన్నతనంలో మన గట్టు మీద మనుషులే భుజాన తాడు వేసుకుని ధాన్యం పడవలు లాగడం గుర్తొచ్చింది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 కల్లా ఆనకట్ట పూర్తి చేశాడు. కాలువలు తవ్వించింది పొలాలకు నీళ్ళకోసమే కాదు, పడవలకోసం కూడా. రైళ్ళకంటే పడవ కాలువలే మన దేశానికి మేలని ఆయన చివరిదాకా వాదించాడు.

ఇక్కడ పోటోమాక్ ఒడ్డున మాత్రం రైలుదే గెలుపు. 1828 జులై 4న, ఒకే రోజున, ఈ కాలువకూ బాల్టిమోర్ అండ్ ఒహాయో రైలు మార్గానికీ శంకుస్థాపన జరిగింది. పాయింట్ ఆఫ్ రాక్స్ దగ్గర కొండకూ నదికీ మధ్య ఉన్న సన్నటి చోటు కోసం రెండు కంపెనీలూ కోర్టుకెక్కాయి. రైలు 1842లో కంబర్లాండ్ చేరింది. కాలువ చేరేసరికి 1850 అయింది. 1924 వరదల తర్వాత పడవలు ఆగిపోయాయి. పక్కన గూడ్సు బండి ఇప్పటికీ కూత పెట్టుకుంటూ పోతుంది. కాలువలో మాత్రం దుంగల మీద తాబేళ్ళు ఎండ కాగుతుంటాయి.

ఆ గట్టు మనకు మిగలడం వెనక ఒక నడక ఉంది. 1950లలో కాలువ పొడవునా కార్ల రోడ్డు వేయాలన్నారు. వాషింగ్టన్ పోస్ట్ కూడా దాన్ని బలపరుస్తూ 1954 జనవరిలో సంపాదకీయం రాసింది. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం ఓ. డగ్లస్ ఊరుకోలేదు. నాతో వచ్చి ఈ గట్టంతా నడిచి చూడండి, అప్పుడు రాయండి అని ఆ సంపాదకుణ్ణి పిలిచారు. మార్చిలో కంబర్లాండ్ నుంచి బయల్దేరి ఎనిమిది రోజులు నడిచారు. చాలామంది వెంట బయల్దేరినా మొత్తం దూరం నడిచింది ఆయనతో కలిపి తొమ్మిదిమందే. పత్రిక తన అభిప్రాయం మార్చుకుంది. రోడ్డు రాలేదు. 1971లో ఆ గట్టు జాతీయ చారిత్రక ఉద్యానం అయింది. కంబర్లాండ్ నుంచి ఇంకో 150 మైళ్ళు గ్రేట్ అలెఘేనీ పాసేజ్ అనే సైకిలు దారి మీద తొక్కితే పిట్స్‌బర్గ్ దాకా కారు ఎదురుపడని దారే.

ఇక్కడి మన తెలుగువాళ్ళ సంఘం సభ్యుల్లో చాలామంది ఈ నది మీది జలపాతాలు చూడ్డానికి గ్రేట్ ఫాల్స్ వెళ్తారు. ఫోటోలు తీసుకుని, పులిహోర తిని వచ్చేస్తారు. అక్కడ ఆగిపోకండి. పాయింట్ ఆఫ్ రాక్స్ నుంచి బ్రన్స్‌విక్ ఏడు మైళ్ళు, హార్పర్స్ ఫెర్రీ ఇంచుమించు పన్నెండు. షెనండోవా నది వచ్చి పోటోమాక్‌లో కలిసేది అక్కడే. గోదావరి జిల్లాలవాళ్ళం, రెండు నీళ్ళు కలిసేచోట నిలబడితే మనకు వేరే మాట రాదు. దారి మట్టి, కంకరపొడి. వాన పడ్డ మర్నాడు వెళ్తే బురద, సన్న టైర్లు పనికిరావు. సైకిలుకి గంట ఉండాలి, వేగం గంటకు 15 మైళ్ళు దాటకూడదు. కొన్ని మైళ్ళకొకటి చొప్పున గుడారం వేసుకునే చోటు, అక్కడ చేతిపంపు ఉంటాయి. నాన్నగారు పంపు కొట్టి నీళ్ళు పట్టారు. అయోడిన్ కలుపుతారు కాబట్టి కాస్త మందు వాసన వేస్తాయి, అయినా చల్లగా ఉన్నాయి.

తిరిగొస్తుంటే చెట్టు కింద రాలిన పండు ఒకటి దొరికింది. పైకి పచ్చగా, చిన్న మామిడికాయంత. విప్పితే పసుపురంగు గుజ్జు, పెద్ద పెద్ద నల్లటి గింజలు. వాసన చూసి "సీతాఫలంరా ఇది" అన్నారాయన. అది పాపా పండు, నిజంగానే సీతాఫలం కుటుంబానిదే. కంబర్లాండ్ వైపు 3,118 అడుగుల పొడవున్న కాలువ సొరంగానికి ఆ చెట్ల పేరే పెట్టారు.

అసలు నేను అడగాలనుకున్నది ఇదీ. మనం ఊళ్ళకు డబ్బు పంపుతాం. స్వాగత ద్వారాలు కట్టిస్తాం, విగ్రహాలు పెట్టిస్తాం, కల్యాణ మండపాలకు గదులు వేయిస్తాం. మన ఊరి కాలువ గట్టును ఎవరైనా ఒక్కసారి లెక్కలోకి తీసుకున్నామా? నాన్నగారు హైస్కూలుకి సైకిలు మీద వెళ్ళిన గట్టు అది. ఇప్పుడు కాలువలో గుర్రపుడెక్క, గట్టు మీద కోళ్ళ వ్యర్థాలు, ప్లాస్టిక్ సంచులు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు దారి వేశారు. మంచి పని. మన గట్లకు కప్పు కూడా అక్కర్లేదు, నాలుగు వరసల చెట్లు చాలు. ఎత్తుపల్లాలు లేని దారిని కాటన్ కాలంలోనే వేసిపెట్టారు.

ట్రాక్టర్లు ఎక్కడ తిరగాలి అని రైతులు అడుగుతారు. అడగాలి కూడా. కాలువకు రెండు గట్లుంటాయి. రోడ్డు పడిన గట్టు వాళ్ళకు, ఖాళీగా పడి ఉన్న రెండోది నడిచేవాళ్ళకు, సైకిళ్ళకు. గట్టు జలవనరుల శాఖది కాబట్టి అనుమతి తీసుకునే చేయాలి. సిమెంటు వద్దు. బండ్లు ఎక్కకుండా రెండు చివరలా రాళ్ళు, మధ్యలో ఒక చేతిపంపు, ఒక అరుగు. మొదట ఒక లాకు నుంచి ఇంకో లాకు దాకా, మూడు నాలుగు కిలోమీటర్లు చాలు. మన సంఘం వచ్చే ఏడాది సేవా కార్యక్రమాల్లో ఈ ఒక్కదాన్ని చేర్చమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. నా వంతు డబ్బు నేను పక్కన పెట్టాను.

నాన్నగారు నవంబరులో ఊరు వెళ్ళిపోయారు. సంక్రాంతి ముందు ఫోను చేసి, లాకుల దగ్గర నుంచి పై లాకుల దాకా రెండో గట్టు మీద నడిచి చూశానన్నారు. రెండు చోట్ల చెత్త కుప్పలున్నాయట. ఒకచోట పిల్లకాలువ తూము మీద బల్ల విరిగిందట. తుమ్మలు కొట్టిస్తే మిగతాదంతా సైకిలు వెళ్తుందట.