కెమెరా దండగ కాదు, ముందు అదే పెట్టించండి

ఎక్కడ అడ్డుపడిందో చూడడానికి మురుగు పైపులోకి కెమెరా పంపించడం దండగ, అనుభవమున్న ప్లంబర్ ఉంటే చాలు అని వ్యాసంలో రాశారు, నేను ఒప్పుకోను. మాది పాత ఇల్లు, ఛాంబర్ నుంచి సెప్టిక్ ట్యాంకు దాకా స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) పైపులు. వానాకాలం వస్తే చాలు, కింది బాత్రూంలో నీళ్లు వెనక్కి తన్నేవి. మూడేళ్లు వెదురు బద్దలు పొడిచారు, యాసిడ్ పోశారు, ట్యాంకు రెండుసార్లు ఖాళీ చేయించాం, నెల తిరక్కుండానే మళ్లీ అదే టెన్షన్. చివరికి కెమెరా పంపిస్తే పైపు జాయింటులోంచి వేప చెట్టు వేళ్లు దూరి జడలా అల్లుకుని కనిపించాయి. కెమెరా తలలో ఉండే ట్రాన్స్‌మిటర్ సిగ్నల్‌ని పైనుంచి పట్టుకుని సరిగ్గా అక్కడే తవ్వారు, వాకిలంతా పగలగొట్టే పని తప్పింది.

కాకపోతే పైపు నిండా మురుగు నిలిచి ఉంటే కెమెరాకి ఏమీ కనపడదు, ముందు జెట్టింగ్ (ఒత్తిడితో నీళ్లు కొట్టి కడగడం) చేయించాలి. వీడియో కూడా అడిగి తీసుకోండి.

ఇంకోటి, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఎక్కడ అడ్డుపడిందో చూడడానికి మనిషిని ట్యాంకులోకి దించడం ఇంకా జరుగుతోంది. రక్షణ పరికరాలు లేకుండా అలా దించడాన్ని 2013లో వచ్చిన మాన్యువల్ స్కావెంజింగ్ (మనుషులతో మలం ఎత్తించడం) నిరోధక చట్టం నిషేధించింది, లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఎక్కువగా ఉంటే క్షణాల్లో స్పృహ పోతుంది. 2023లో సుప్రీంకోర్టు ఇలాంటి మరణాలకు పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. కెమెరా ఖర్చు గురించి అంత రాసినవాళ్లు దీని గురించి ఒక్క వాక్యమైనా రాయాల్సింది.